జరీ పోగు కట్టిన ఎర

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా వార్డులో ఆడవాళ్ళకని మధ్యాహ్నం పూట బడి పెడితే వెళ్ళి కూర్చున్నాను. అంతకుముందు ఏది రాయాలన్నా ఎవరో ఒకరి చేత రాయించుకోవాల్సిందే. మా ఇంట్లో చదువుకున్న మనిషి మా ఆయన ఒక్కరే. ఆయన చేసిన పనిని ఆయన చేతే ఎలా రాయిస్తాను? అందుకే ఇన్నాళ్ళూ ఇది నా నోట్లోనే ఉండిపోయింది.

రాయడం వచ్చాక కూడా ముందు ఎరల గురించి మాత్రమే రాద్దామనుకున్నాను. నేను కట్టినవి, కొన్నవి, పోగొట్టుకున్నవి. నాకు బాగా తెలిసిన విషయం అదొక్కటే. కానీ ఏ ఎర దగ్గర మొదలుపెట్టినా ఖతర్‌లో మేమున్న మెసయీద్ దగ్గరికే వస్తున్నాను. సరే, అక్కడికే వెళ్దాం. ముందు మా నాన్న ఎర సంగతి చెప్పాలి.

మాది గోదావరి సముద్రంలో కలిసే వైపు. మా నాన్నది తెరచాప పడవ. వల లాగడం అయ్యాక తిరిగొచ్చేటప్పుడు పడవ వెనక ఒక తాడు వదిలేవాడు. ఆ తాడు చివర రొయ్య ముక్కో చేప ముక్కో ఉండేది కాదు. తెల్ల కోడి తోక ఈకలు గాలం చుట్టూ కట్టి ఉండేవి. నీళ్ళలో అది నెత్తళ్ళ పిల్లలా కనిపించి, వంజరం గానీ పండుగప్ప గానీ వచ్చి మింగేది. మేము దాన్ని ఉత్తుత్తి ఎర అనేవాళ్ళం.

కట్టే పని ఆడవాళ్ళది. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నాను. అందరి ఇళ్ళలోనూ ఈకలు కట్టేవాళ్ళు గానీ మా ఇంటి ఎరకు ఈకల మధ్యలో ఒక జరీ పోగు ఉండేది. పాత జరీ కొనేవాడు వీధిలోకి వస్తే, వాడి మూటలోంచి చిరిగిన అంచు ముక్క తీసుకుని బదులుగా ఎండు చేపలు ఇచ్చేది అమ్మ. వేరే పడవల వాళ్ళు ఎర అడిగితే కట్టి ఇచ్చేవాళ్ళం. లేదనేవాళ్ళం కాదు. కానీ బయటికిచ్చే దాంట్లో జరీ పెట్టేవాళ్ళం కాదు. జరీ ఉన్నది ఇంటి మనుషులకే. దీన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఇంట్లో చూసి తెలుసుకున్నదే.

ఇంకో సంగతి. మా వైపు ఆడది పడవ ఎక్కకూడదు. ఒడ్డు వరకే. మగవాళ్ళు తిరిగొచ్చి ‘ఇయ్యాల ఎర పొర్లిపోయింది’ అనేవారు. అంటే తిన్నగా ఈదకుండా గిరగిరా తిరిగిపోయిందని. అమ్మ ఒక పక్క ఈక ఒకటి పీకి ఇచ్చేది. మర్నాడు ‘బాగుంది’ అనేవారు. బాగుండటమంటే ఏమిటో, పొర్లడమంటే ఏమిటో అమ్మ చూడలేదు. నేనూ చూడలేదు. వంట చేసి రుచి చూడకుండా వడ్డించినట్టు మా ఎరలు కట్టేవాళ్ళం. నేను కట్టిన ఎర పడవ వెనక ఎలా వస్తుందో ఒక్కసారి చూడాలని చిన్నప్పటి నుంచీ నాకు ఉండేది. పెళ్ళయ్యాక మా ఆయనతో చెప్పాను. నవ్వి, ఎప్పుడో చూపిస్తాలే అన్నారు.

ఆయనదీ మా తీరమే, నాలుగు ఊళ్ళ అవతల. ఐటీఐ చదివి ఫిట్టర్‌గా ఖతర్ వెళ్ళారు. కొన్నేళ్ళు క్యాంపులో ఉండి, ఫోర్‌మెన్ అయ్యాక నన్ను తీసుకెళ్ళారు. అది తొంభైల్లో. మెసయీద్‌లో కంపెనీ ఇచ్చిన క్వార్టరు. చుట్టూ ఉన్న తెలుగువాళ్ళంతా ఇంజినీర్లు, కెమిస్టులు, వాళ్ళ భార్యలు. వాళ్ళందరూ బీఏలో, బీఎస్సీలో. చదువు లేనిదాన్ని నేనొక్కదాన్నే. మాటల మధ్యలో ఎవరైనా పత్రిక నా చేతికిస్తే బొమ్మలు చూసి తిరిగిచ్చేదాన్ని.

శుక్రవారం సాయంత్రాలు అందరం సముద్రం ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. వాళ్ళు దుప్పటి పరిచి పులిహోర తింటూ ఉంటే నేను నీళ్ళకేసి చూస్తూ కూర్చునేదాన్ని. చేప ఎగిరే చోటు దాక్కోదు. ఒకసారి ఇంటికొచ్చాక మా ఆయనను స్టీలు చెంచా ఒకటి కోసి పెట్టమన్నాను. వర్క్‌షాపుకు తీసుకెళ్ళి కాడ కోసేసి, రెండు చివర్లా బెజ్జాలు వేసి, అంచులు నున్నగా రుద్ది తెచ్చారు. ఒక బెజ్జానికి గాలం, ఒక బెజ్జానికి తాడు. అది నా మొదటి ఖతర్ ఎర. నీళ్ళలోకి విసిరి లాగితే తళుక్కు తళుక్కుమంటూ వచ్చేది. దానికి పార చేపలు బాగా పడేవి. ఆయన పక్కన నిలబడి, ‘ఇంటి చెంచాలన్నీ సముద్రం పాలు చేస్తావా ఏటే’ అని వేళాకోళం చేసేవారు. ఆ రోజులు నాకు ఇప్పటికీ ఇష్టమే. అది కూడా రాయాలి.

చెంచా తరవాత దోహాలో కొన్న రబ్బరు చేప. దాని తోక ఒక్కటే ఊగేది, ఒళ్ళు కర్రలా ఉండేది. నాకు నచ్చలేదు. తరవాత పళ్ళ బ్రష్షు పిడి అరగదీసి చేసుకున్నది ఒకటి, రాళ్ళలో చిక్కుకుని పోయింది. ఇప్పుడైతే మా ఊళ్ళో కొట్లోనే అన్నీ దొరుకుతున్నాయి. ఆకుపచ్చ రబ్బరు రొయ్య ఒకటి వాడుతున్నాను, లాకుల దగ్గర పండుగప్పకు దాన్ని మించింది లేదు. నేను కట్టే వాటికన్నా అదే బాగా పడుతుంది. ఒప్పుకోవడానికి నాకేం కష్టం లేదు. అయినా నా చేతికి ఈకలు దొరికితే ఊరుకోలేను.

మెసయీద్‌లో ఈకల ఎర మళ్ళీ కట్టడానికి కారణం మా పక్కింటావిడ. వాళ్ళాయన మా ఆయనకు పైన ఇంజినీరు. గుంటూరు వైపు వాళ్ళు. నాకన్నా చిన్నది, బీఏ చదివింది, అయినా నన్ను వదినా అని పిలిచేది. నేను వదినగారూ అనేదాన్ని. మా ఇద్దరి వంటగది కిటికీలు ఎదురెదురుగా ఉండేవి. నాకు జ్వరం వస్తే చారు పెట్టి పంపింది. ఊరి నుంచి నాకు ఉత్తరం వస్తే చదివి పెట్టేది, చదివిన సంగతి ఇంకెక్కడా మాట్లాడేది కాదు. ఒడ్డున నా పక్కన నిలబడి గాలం వేయడం నేర్పమని అడిగింది. నేర్పాను. చేపను చూసి భయపడేది, అయినా తాడు వదిలేది కాదు. ఆమెకు ఒక ఎర కట్టి ఇవ్వాలనిపించింది.

కోళ్ళ మాంసం కోసే చోటు నుంచి తెల్ల ఈకలు తెచ్చి కట్టాను. ఈకలన్నీ సర్దాక చెయ్యి ఆగింది. జరీ పెట్టాలా వద్దా? అక్కడ పాత జరీ కొనేవాడు ఎక్కడ? ట్రంకులోంచి నా పెళ్ళి చీర తీసి అంచు నుంచి ఒక పోగు లాగాను. ఆమెకు ఇచ్చిన ఎరలో ఆ పోగు ఉంది. అంటే ఆమె నాకు ఇంటి మనిషి అయిపోయింది. ఈ సంగతి ఆమెకు చెప్పాను కూడా. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఆమె విసిరితే ఆ ఎరకే రాళ్ళ దగ్గర హమూర్ అనే పెద్ద చేప పడింది. ఒడ్డున ఉన్నవాళ్ళంతా చేరారు. కంపెనీ మేనేజరు, ఇంగ్లీషాయన, ఆయనా వచ్చాడు. ఆయనకు చేపలంటే పిచ్చి. సొంత బోటు ఉంది. ఎరలు పెట్టుకునే పెట్టె తెచ్చి మా ముందు తెరిచాడు. నగల పెట్టెలా అరలు అరలుగా, ఒక్కో అరలో ఒక్కో ఎర. కళ్ళు గీసిన కొయ్య చేపలు, గంట కట్టినవి, లంగా కట్టినట్టు రబ్బరు పోగులు వేలాడేవి. తాను కుర్రాడిగా ఉన్నప్పుడు చెరువుల్లో బాస్ అనే చేపను పట్టేవాడినని, హమూర్ కూడా దానిలాగే రాతి చాటు నుంచి వచ్చి మింగుతుందని చెబుతున్నాడట. పక్కింటావిడ నాకు తెలుగులో చెప్పింది. తరవాత ఆయన నా ఈకల ఎర చేతిలోకి తీసుకుని, ఊది చూశాడు. ఈకల మధ్యలో జరీ కనిపెట్టి ఏదో అడిగాడు. మా ఆయన ఇంగ్లీషులో జవాబు చెప్పారు. మేనేజరు ఇంజినీరుగారి చెయ్యి పట్టుకుని ఊపాడు. అందరూ నవ్వారు. ఇంజినీరుగారి భార్య ఎర కదా, అందుకు ఊపాడనుకున్నాను. నేనూ నవ్వాను.

“వచ్చే శుక్రవారం బోటులో తీసుకెళ్తాడట వదినా,” అంది పక్కింటావిడ. “ఇలాంటివి ఇంకొన్ని కావాలట.”

ఎవరిని తీసుకెళ్తాడని నేను అడగలేదు. ఎర కట్టింది నేను. అడగాల్సిన అవసరం కనిపించలేదు.

ఆ వారమంతా నాకు వేరే పని లేదు. పెళ్ళి చీర అంచు ఒక పక్క మొత్తం విప్పేశాను. అరడజను కట్టి, నాకోసం ఇంకొకటి కట్టి పక్కన పెట్టుకున్నాను. పడవ ఎక్కకూడదన్న మాట మా తీరంది, ఈ సముద్రానికి అది తెలియదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కిటికీలోంచి, బోటులో చీరతో కూర్చోవచ్చా అని ఆవిడను అడిగాను. ఏం ఫరవాలేదంది. అంటూ పొయ్యి మీద ఏదో కలుపుతూ ఉంది.

గురువారం సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఎరలన్నీ బిస్కెట్ల డబ్బాలో సర్ది పక్కింటికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి నేను చీర ఇస్త్రీ చేస్తున్నాను.

“రేపు నువ్వు రానక్కర్లేదే. బోటులో ఖాళీ లేదంట,” అన్నారు.

“మీరో?”

“నేనూ ఎక్కను. సామాను ఎక్కించి వచ్చేస్తా.”

మేనేజరు బోటు, ఎవరిని ఎక్కించుకోవాలో ఆయనిష్టం. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. బోటుకు ఇంజను ఉంటుంది, మా నాన్న తెరచాప కన్నా జోరుగా పోతుంది. ఎర పొర్లుతుంది. ఏం చెయ్యాలో వాళ్ళలో ఎవరికీ తెలియదు. పక్కింటికి వెళ్ళాను.

ఆవిడ వంటగదిలో రొట్టెలు చుడుతూ ఉంది. నన్ను చూసి లేచింది.

“వదినగారూ, బోటు జోరు మీద ఉంటే ఎర గిరగిరా తిరిగిపోద్ది,” అన్నాను. “అప్పుడు ఒక పక్క ఈక ఒకటి పీకెయ్యమని చెప్పండి మీవారికి.”

“ఏ పక్క?”

“ఎటు పొర్లితే అటు పక్క.”

“అయ్యో, ఆయనకెలా తెలుస్తుంది? ఉండు వదినా, పిలుస్తా. ఆ ముడి కూడా ఒకసారి చూపించు. రేపు మేనేజరు అడిగితే తనే కట్టినవాడిలా చెప్పాలి కదా,” అని, అన్నాక ఆగిపోయింది.

“ఎవరు కట్టారని చెప్పారండి?” అని అడిగాను.

ఆవిడ రొట్టెల మీద గుడ్డ కప్పింది. మళ్ళీ తీసింది. “మా ఆయన అనలేదు వదినా, ఒట్టు. ఆ రోజు ఒడ్డున మేనేజరు అడగ్గానే అన్నయ్యగారే అన్నారు, మా సారు కట్టారని. అందరి ముందూ కాదనలేకపోయాడు మా ఆయన. తరవాత ఎలా చెప్తాం? ఈయన ప్రమోషన్ సంగతి కూడా ఉంది... నువ్వేమీ అనుకోకు. ఎర పనికొచ్చింది కదా, ఎవరి పేరైతే ఏముంది.”

లోపలి నుంచి ఇంజినీరుగారు వచ్చి, “కూర్చోమ్మా చెల్లెమ్మా, ఒక్క ఐదు నిమిషాలు,” అన్నారు. ఆయన చేతిలో మా బిస్కెట్ల డబ్బా ఉంది. అన్నం పొయ్యి మీద ఉందని చెప్పి వచ్చేశాను. అన్నం ఎప్పుడో దించేశాను.

పక్కింటావిడ మీద కోపం రావడానికి నాకు చాలా రోజులు పట్టింది. వచ్చాక పోలేదు. ఆమె తన ఇల్లు చూసుకుంది. ఇంటి మనిషి అనుకున్నది నేను. ఆ సాయంత్రం మాత్రం నా కళ్ళ ముందు ఉన్నది మా ఆయన నోరు. ఆ ఒడ్డున, నా పక్కన నిలబడి, నాకు రాని భాషలో ఆ మాట అన్నారు. నేను ఆయన వైపు చూసి నవ్వాను. ఆయన కూడా నవ్వారు.

ఇంటికొచ్చి అడిగాను. ఆయన దాచలేదు.

“ఏం చెప్పమంటావే? మా ఆవిడ చేపలోళ్ళ పిల్ల, వాళ్ళింట్లో ఇదే పని అని చెప్పమంటావా? ఇక్కడ మన సంగతి ఎవరికీ తెలీదు. మీ నాన్నకి రొయ్యల చెరువులున్నాయని చెప్పేను.”

“ఎప్పుడు చెప్పేరు?”

“వచ్చిన కొత్తలోనే.”

ఆ రోజుల్లో మా జిల్లాలో రొయ్యల చెరువులు తవ్విన వాళ్ళంతా కార్లు కొంటున్నారు. అప్పుడు తెలిసింది, కాలనీలో అందరూ ‘ఈ ఏడు రొయ్యలు ఎలా ఉన్నాయండీ మీ ఊళ్ళో’ అని నన్ను ఎందుకు అడిగేవారో. నేను మా నాన్న వల సంగతి అనుకుని, బాగానే పడుతున్నాయంటండీ అనేదాన్ని. ఇన్నేళ్ళూ ఆయన అబద్ధానికి నాకు తెలియకుండానే సాక్ష్యం చెబుతూ వచ్చాను.

“నేను చేపలోళ్ళ పిల్లనైతే మీరెవరి పిల్లోడండి?” అన్నాను.

“అందుకే కదే. నా ఒక్కడి కోసమా? పిల్లలు పుడితే వాళ్ళకి...”

“నాకొక మాట చెప్పుంటే నేనూ అలాగే చెప్పేదాన్ని కదా.”

ఆ మాట నిజమే. ఆయన అడిగి ఉంటే రొయ్యల చెరువులే కాదు, ఐసు ఫ్యాక్టరీ కూడా ఉందని చెప్పేదాన్ని. ఎర ఇంజినీరుగారే కట్టారని నా నోటితో నేనే అనేదాన్ని. బోటు ఒక్కటి ఎక్కనిస్తే చాలు. ఆయనకు ఆ సంగతి తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే ఆయనకు చెప్పుకున్న కోరిక అది ఒక్కటే. అది తెలిసీ ఆ చోటు వేరే వాళ్ళకు ఇచ్చేసి, నాతో ఖాళీ లేదన్నారు.

అన్నం పెట్టాను. తిన్నారు. పొద్దున్నే లేపమన్నారు.

పొద్దున్నే లేపాను. టీ తాగి, బోటులో సామాను ఎక్కించడానికి వెళ్ళారు. నేను స్నానం చేసి ఇస్త్రీ చేసిన చీర కట్టుకున్నాను. శుక్రవారాలు కాలనీ నుంచి దోహా బజారుకు కంపెనీ బస్సు ఉండేది. ఆయన లేకుండా నేను ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. ఆ రోజు ఎక్కాను. డ్రైవరు మలబారాయన. ఒక్కదానివేనా అన్నట్టు చూశాడు. ఒక్కదాన్నే అని చెప్పి కిటికీ పక్కన కూర్చున్నాను. చేతి సంచిలో తాడు చుట్ట, దాని చివర నాకోసం అట్టేపెట్టుకున్న ఎర.

బజారు దగ్గర దిగి సముద్రం వైపు నడిచాను. ఒడ్డు పొడుగునా చెక్క పడవలు కట్టి ఉంటాయి, మనుషులను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాయి. ఒక దాంట్లో ఫిలిప్పీన్ నర్సులు ఎక్కుతున్నారు. పడవాయన గడ్డం ముసలాయన, ఏ దేశమో తెలియదు. వచ్చీరాని హిందీలో, తాడు వెయ్యనిస్తావా అని అడిగాను. “డాలో అమ్మా, మాఫీ ముష్కిల్,” అన్నాడు, వేసుకో, ఏం ఫరవాలేదని. పడవ అంచు దాటేటప్పుడు ఒక్క క్షణం కాలు వెనక్కి లాగింది. నర్సొకామె చెయ్యి ఇచ్చింది.

వాళ్ళంతా ముందు కూర్చుని ఊరి మేడలకేసి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను ఒక్కదాన్నే వెనక్కి తిరిగి కూర్చుని తాడు వదిలాను. మొదట నురుగులో ఏమీ కనిపించలేదు. ఇంకొంచెం వదిలాక నురుగు దాటి పచ్చటి నీళ్ళలో కనిపించింది. చేతిలో ఉన్నప్పుడు అది తడిసిన ఈకల కట్ట. అక్కడ మాత్రం సన్నగా ముడుచుకుంటోంది, మళ్ళీ విచ్చుకుంటోంది, ఊపిరి తీసుకుంటున్నట్టు. విచ్చుకున్నప్పుడల్లా లోపల జరీ ఒకసారి మెరుస్తోంది. మా అమ్మ ఇది చూడలేదు. మెసయీద్ నుంచి వెళ్ళిన బోటు వెనక కూడా ఈ వేళకు ఇలాంటివే నీళ్ళలో ఉండి ఉంటాయి. ఇంజినీరుగారు వాటిని చూస్తూ ఉండి ఉంటారు, ఏం చూస్తున్నారో తెలియకుండా. తాడు గట్టిగా పట్టుకున్నాను.

చేప పడలేదు. ఎర మాత్రం తిన్నగా వస్తోంది, పొర్లడం లేదు. ఎంత జోరులో పొర్లుతుందో నాకు తెలియాలి. పడవాయన వైపు తిరిగి, ఇంకొంచెం స్పీడు పెంచమని అడిగాను.